దాచిన మూడు నెలలు, దగ్గరపడిన పెళ్లి

ప్రశ్న: నాది ఖమ్మం జిల్లా. 2022 ఆగస్టులో ఎఫ్-1 విద్యార్థి వీసాపై టెక్సస్ వచ్చి, ఎం.ఎస్. పూర్తి చేసి, ప్రస్తుతం డల్లాస్ దగ్గర స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ రంగాల్లో చదివినవారికి చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి)పై ఉద్యోగం చేస్తున్నాను. వచ్చినప్పటి నుంచి ఇండియా వెళ్లలేదు. రెండేళ్లుగా పరిచయం ఉన్న అమ్మాయితో పెళ్లి నిశ్చయమైంది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, అమెరికా పౌరురాలు, నర్సుగా పనిచేస్తోంది. రెండు కుటుంబాలకూ ఇష్టమే. కాగితాల కోసం ముందుగా కౌంటీ ఆఫీసులో పెళ్లి రిజిస్టరు చేయించి, ఐదారు నెలల తర్వాత గుడిలో ముహూర్తానికి పెళ్లి చేయాలని, అప్పటిదాకా అమ్మాయి పుట్టింట్లోనే ఉండాలని పెద్దల ఆలోచన. ఎనభై నాలుగేళ్ల మా నాయనమ్మ కోసం ఆ మధ్యలో నేను ఒకసారి ఊరికి వచ్చి వెళ్లాలని అమ్మ కోరిక. అయితే నాకు నిద్ర లేకుండా చేస్తున్న సంగతి వేరే ఉంది. మొదటి సెమిస్టరులో ఊళ్లో చేసిన అప్పుకు వడ్డీ పంపలేక, మూడు నెలలు వారాంతాల్లో ఒక గ్యాస్ స్టేషన్‌లో నగదుకు పనిచేశాను. ఈ విషయం ఆ అమ్మాయికి గానీ కాబోయే మామగారికి గానీ చెప్పలేదు. రాతకోతల్లో ఎక్కడా లేని పని కాబట్టి గ్రీన్‌కార్డు దరఖాస్తులో రాయవద్దని స్నేహితులు అంటున్నారు. నన్నేం చేయమంటారు?
— ఒక పాఠకుడు, డల్లాస్

సమాధానం: మీ ఉత్తరంలో చివర రాసిన విషయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలన్నింటికీ జవాబులు దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అనుమతి లేకుండా మీరు పనిచేసిన ఆ మూడు నెలలు ఎఫ్-1 నిబంధనలకు విరుద్ధమే. అందులో సందేహం లేదు. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకునేవారికి ఇలాంటి ఉల్లంఘనలు పెద్ద అడ్డంకి కాగలవు. కానీ అమెరికా వలస చట్టం పౌరుల భార్యలనూ భర్తలనూ 'ఇమీడియట్ రిలేటివ్' అనే ప్రత్యేక వర్గంగా చూస్తుంది. ఆ వర్గంలోని వ్యక్తి దేశంలోకి అధికారి తనిఖీ చేసి అనుమతించగా వచ్చి ఉంటే, ఆ తరువాత అనుమతి లేకుండా పనిచేసినా, స్టేటస్ (దేశంలో చట్టబద్ధంగా ఉండే హోదా) కోల్పోయినా, ఇక్కడే ఉండి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకునే అర్హత ఆ కారణంగా పోదని 245వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. మీరు విమానాశ్రయంలో అధికారి ముందు నిలబడి, పాస్‌పోర్టు చూపించి, ఐ-94 అనే ప్రవేశ రికార్డుతో లోపలికి వచ్చినవారు. మీ దరఖాస్తుకు పునాది అదే. అది గట్టిగానే ఉంది.

ఇక మీ స్నేహితుల సలహా సంగతి. స్టేటస్ మార్పు కోసం, అంటే గ్రీన్‌కార్డు కోసం, మీరు నింపవలసిన ఐ-485 దరఖాస్తులో, అమెరికాలో ఎప్పుడైనా అనుమతి లేకుండా పనిచేశారా అని, మీ వీసా నిబంధనలను ఎప్పుడైనా ఉల్లంఘించారా అని సూటిగా అడుగుతారు. గత ఐదేళ్లలో చేసిన ఉద్యోగాల వివరాలు కూడా రాయాలి. అబద్ధం రాస్తే శిక్షార్హుడినని ఒప్పుకుంటూ దాని కింద సంతకం చేయాలి. అంతేకాక ఇంటర్వ్యూలో అధికారి మీ చేత ప్రమాణం చేయించి అవే ప్రశ్నలు మళ్లీ అడగవచ్చు. అక్కడ 'లేదు' అని జవాబిస్తే, తెలిసి చేసిన తప్పుడు ప్రకటన అవుతుంది. ఆ కారణం మీద అనర్హత పడితే అది జీవితాంతం ఉంటుంది. దాన్ని మాఫీ చేయించుకోవాలంటే, పౌరులో శాశ్వత నివాసులో అయిన మీ భార్యకు లేదా తల్లిదండ్రులకు తీవ్రమైన కష్టం కలుగుతుందని విడిగా నిరూపించుకోవాలి. గ్యాస్ స్టేషన్‌లో చేసిన పనిని చట్టం మన్నిస్తుంది కానీ, ఆ పని చేయలేదని ఆడిన అబద్ధాన్ని మన్నించదు. చట్టం మన్నించే తప్పును కప్పిపుచ్చడానికి మన్నించని తప్పు చేయమని మీ స్నేహితులు మంచి మనసుతోనే చెబుతున్నారు, అయినా ఆ మాట వినవద్దు. 'అవును' అని రాసి, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎలాంటి పని, ఏ పరిస్థితుల్లో చేశారో నాలుగు వాక్యాల్లో వివరణ జతచేయండి. గ్రీన్‌కార్డు ఇవ్వడం అధికారి విచక్షణకు లోబడిన విషయం కాబట్టి ఆ ఉల్లంఘనను ఆయన లెక్కలోకి తీసుకోవచ్చు. అప్పుడు మీ చదువు, ఉద్యోగం, పన్నులు, నిజమైన కాపురం మీ వైపు నిలబడతాయి. ఆ నగదు ఆదాయానికి పన్ను కట్టి ఉండకపోతే, 2022 సంవత్సరానికి రిటర్ను దాఖలు చేయడమో, దాఖలు చేసినదాన్ని సవరించడమో ముందుగా పూర్తి చేసుకోండి.

దీనికి సంబంధించి ఒక్క విషయం మాత్రం మీరు గట్టిగా గుర్తు చేసుకోవాలి. ఆ గ్యాస్ స్టేషన్ యజమాని మీ చేత పని చేసే అర్హతను తెలిపే ఐ-9 అనే ఫారం నింపించి సంతకం పెట్టించుకున్నాడా? ఆ ఫారంలో 'అమెరికా పౌరుడిని' అనే గడి ఉంటుంది. తొందరలోనో, పక్కవాడు చెప్పినందుకో ఆ గడిలో టిక్కు పెట్టినవారి పరిస్థితి వేరు. పౌరుడినని అబద్ధం చెప్పడం వల్ల వచ్చే అనర్హతకు, పౌరురాలిని పెళ్లి చేసుకున్నా, గ్రీన్‌కార్డు దరఖాస్తులో సాధారణంగా మాఫీ దొరకదు. అలాగే వేరొకరి సోషల్ సెక్యూరిటీ నంబరు వాడి ఉంటే అదీ తేలిక విషయం కాదు. మీరు రాసినదాన్ని బట్టి ఏ కాగితమూ లేకుండా చేతికి డబ్బు ఇచ్చినట్టుంది. అలా కాక ఈ రెండింటిలో ఏ ఒక్కటి జరిగినా, ఒక్క ఫారం కూడా పంపకుండా వలస చట్టంలో అనుభవమున్న న్యాయవాదిని కలవండి.

ఆ అమ్మాయికి చెప్పాలా అన్నది మీరు నేరుగా అడగలేదు కానీ, ఉత్తరమంతా ఆ ప్రశ్నే కనిపిస్తోంది. చెప్పాలి, అదీ పెళ్లికి ముందే చెప్పాలి. మిమ్మల్ని భర్తగా గుర్తించమని కోరే ఐ-130 పిటిషన్ మీ తరఫున వేసేది ఆమె. మిమ్మల్ని పోషించే పూచీ తనదని ఐ-864 మీద సంతకం చేసేది ఆమె. ఇంటర్వ్యూ గదిలో మీ పక్క కుర్చీలో కూర్చునేదీ ఆమే. న్యాయవాదులు సాధారణంగా ఇద్దరికీ కలిపే ప్రాతినిధ్యం వహిస్తారు కాబట్టి, ఒకరి రహస్యాన్ని మరొకరి దగ్గర దాచిపెట్టమని వారిని అడగడం కూడా కుదరదు. అధికారి ప్రశ్నతో ఈ సంగతి మొదటిసారి ఆమె చెవిన పడితే, అప్పుడు ఆమె ముఖంలో కనిపించే ఆశ్చర్యం మీ ఫైలుకు మంచిది కాదు. అంతకంటే, మీ ఇద్దరి మధ్య నమ్మకానికి అసలు మంచిది కాదు. అప్పు వడ్డీ కోసం ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో రాత్రిళ్లు కౌంటర్ దగ్గర నిలబడిన కుర్రవాణ్ని ఇష్టపడి చేసుకుంటున్న అమ్మాయి తప్పుగా అర్థం చేసుకుంటుందని నాకు అనిపించడం లేదు. మామగారికి ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది మీరిద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఆయన జాయింట్ స్పాన్సరుగా, అంటే ఆమెతో పాటు ఆర్థిక పూచీదారుగా, సంతకం చేయవలసి వస్తే మాత్రం, ముందే తెలుసుకునే హక్కు ఆయనకూ ఉంది.

మన పిల్లలు ఇలాంటి విషయాలను ఎందుకు దాచుకుంటారో నాకు తెలియనిది కాదు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడినప్పుడు, అది వలస అధికారులే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ అని తేలింది. పట్టుబడినవారిలో దాదాపు అందరూ భారతీయులే, వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ తరువాత 2025 ఏప్రిల్‌లో చాలామంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ నమోదు వ్యవస్థ) రికార్డులను ఉన్నట్టుండి రద్దు చేసి, కోర్టుల్లో కేసులు పడ్డాక మళ్లీ పునరుద్ధరించారు. ఇవన్నీ చూసినవారికి, ప్రభుత్వం అడిగే ఏ ప్రశ్నకైనా వీలైనంత తక్కువ చెప్పడమే క్షేమమని అనిపించడం సహజం. మీ విషయంలో మాత్రం ఆ జాగ్రత్తే ప్రమాదం తెచ్చిపెడుతుంది.

ఇప్పుడు పెద్దల ఆలోచన గురించి. ముందు రిజిస్టరు పెళ్లి, తరువాత ముహూర్తం అన్న పద్ధతిలో చట్టపరంగా తప్పేమీ లేదు. కౌంటీ క్లర్కు దగ్గర లైసెన్సు తీసుకుని, అర్హత ఉన్న వ్యక్తి ముందు చేసుకున్నది పూర్తి స్థాయి పెళ్లే. తాళి కట్టే రోజు దాకా అది సగం పెళ్లిగా మన ఇళ్లలో భావించినా, వలస శాఖకు పెళ్లి తేదీ అదే. చిక్కంతా ఆ తరువాతి ఐదారు నెలల్లో ఉంది. పెళ్లి అయిందని ప్రభుత్వానికి చెప్పి, దరఖాస్తు వేసి, మీరు ఒక అపార్ట్‌మెంట్‌లో, ఆమె పుట్టింట్లో ఉంటే, కాపురం లేని పెళ్లి కేవలం కాగితాల కోసమేనా అన్న అనుమానం అధికారికి రావడం న్యాయమే. ముహూర్తం దాకా పంపించకపోవడం మన ఆచారమని మీరు వివరించవచ్చు, కొందరు అధికారులు అర్థం చేసుకుంటారు కూడా. అయినా వివరణ ఇచ్చుకునే అవసరమే లేకుండా చేసుకోగలిగినప్పుడు ఆ సందేహానికి చోటివ్వడం ఎందుకు? గుడి పెళ్లికీ రిజిస్టరు పెళ్లికీ మధ్య ఎడం వారం పది రోజులకు తగ్గించి, కాపురం పెట్టిన తరువాతే దరఖాస్తు పంపమని నా సలహా. స్టెమ్ ఓపీటీ చేతిలో ఉన్న మీకు అంత తొందర కూడా లేదు. అలా చేస్తే, 'మీ పెళ్లి ఎప్పుడయింది' అన్న మొదటి ప్రశ్నకే భార్య ఒక తేదీ, భర్త ఒక తేదీ చెప్పే తడబాటు కూడా తప్పుతుంది. రెండు తేదీలు ఉంటే రెండూ చెప్పండి, ఏది ఏ పెళ్లో చెప్పండి.

గ్రీన్‌కార్డు కోసమే చేసుకునే ఉత్తుత్తి పెళ్లికి ఐదేళ్ల దాకా జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా ఉన్నాయి. అలాంటి పెళ్లి అని ఒకసారి తేలితే, ఆ తరువాత నిజంగానే మరొకరిని పెళ్లి చేసుకున్నా, ఉద్యోగం ద్వారా ప్రయత్నించినా, ఆ మనిషి కోసం వేసే ఏ పిటిషనూ ఆమోదం పొందదు. మీది అలాంటిది కాదు. మీ పెళ్లి నిజమైనదేనని చూపించడానికి ఇద్దరి పేర్ల మీద ఇంటి అద్దె ఒప్పందం, కలిపి వాడే బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమాలో ఒకరి పేరుతో మరొకరు, జంటగా వేసిన పన్ను రిటర్ను కావాలి. ఫొటోల్లో ఒక్క పెళ్లి రోజువే అయిదు వందలు పెట్టేకంటే, రెండేళ్ల పరిచయంలో వేర్వేరు సందర్భాలవి, రెండు కుటుంబాలూ కనిపించేవి ఇరవయ్యో ముప్పయ్యో పెట్టడం మేలు.

నాయనమ్మ దగ్గరికి ప్రయాణం గురించి రాయడం నాకు కష్టంగా ఉంది. ఎఫ్-1 చదువు ముగించుకుని తిరిగి వెళ్లే ఉద్దేశంతో ఇచ్చే వీసా. హెచ్-1బి ఉద్యోగ వీసా మాదిరిగా ఇక్కడ స్థిరపడే ఉద్దేశాన్ని కూడా అనుమతించే రకం కాదు. పౌరురాలిని పెళ్లి చేసుకుని, గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేయాలని అనుకుంటూ, ఊరికి వెళ్లి, విద్యార్థిగానే తిరిగి వస్తున్నానని విమానాశ్రయంలో చెప్పడం అబద్ధమే అవుతుంది. వీసా స్టాంపింగు కోసం హైదరాబాద్ కాన్సులేట్‌కు వెళ్లవలసి వస్తే, అక్కడే తిరస్కరించే అవకాశం ఎక్కువ. దరఖాస్తు వేసిన తరువాత అడ్వాన్స్ పెరోల్ అనే ముందస్తు అనుమతి చేతికి రాకుండా దేశం దాటితే, ఐ-485ను మీరే వదులుకున్నట్టు లెక్కగడతారు. ఆ అనుమతి రావడానికి నెలలు పడుతుంది. కుటుంబంలో ప్రాణాపాయమో మరణమో సంభవిస్తే అత్యవసరంగా కోరే మార్గం ఉంది కానీ, ఇస్తారన్న హామీ లేదు. అందువల్ల పెళ్లికీ గ్రీన్‌కార్డుకీ మధ్యలో వెళ్లిరావడం అన్న ఆలోచనను పూర్తిగా విరమించుకోండి. నాయనమ్మ ఉండగా ఆమె కళ్ల ముందే పెళ్లి జరగడం మీకు అన్నింటికన్నా ముఖ్యమైతే, దానికి వేరే నిజాయితీ గల దారి ఉంది. ఖమ్మంలోనే పెళ్లి చేసుకుని, మీరు అక్కడ ఉండగానే ఆమె చేత ఐ-130 వేయించి, ముంబై కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకు వెళ్లడం. అందుకు ఏడాది పైగా ఉద్యోగానికి, భార్యకు దూరంగా ఉండవలసి రావచ్చు. ఏది ఎంచుకోవాలో నేను చెప్పలేను, ఆ నిర్ణయం మీ కుటుంబానిది. ఈ రెండు దారుల మధ్య మూడోది ఉందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మవద్దు.

దరఖాస్తు వేశాక ఓపీటీని పక్కన పెట్టేయవచ్చా అంటే, వద్దనే అంటాను. ఐ-485 పెండింగులో ఉన్నంత కాలం దేశంలో ఉండడానికి అనుమతి ఉన్నట్టే, కానీ అది ఒక స్టేటస్ కాదు. దరఖాస్తు తిరస్కరిస్తే వెంటనే నిలువ నీడ లేకుండా పోతుంది. దరఖాస్తుతో పాటు వచ్చే కొత్త వర్క్ పర్మిట్ మీద పనిచేయడం మొదలుపెడితే ఎఫ్-1 నియమాల పరిధి దాటినట్టవుతుంది. కాబట్టి కుదిరినంత కాలం స్టెమ్ ఓపీటీ మీదే, అదే యజమాని దగ్గర కొనసాగండి, చిరునామా మారితే యూనివర్సిటీకి తెలియజేయండి, మార్చిలో యజమాని హెచ్-1బి లాటరీలో పేరు నమోదు చేస్తానంటే కాదనవద్దు. 2025 నవంబరులో శాన్ డియేగోలో పౌరుల భార్యాభర్తలుగా గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకు వచ్చినవారిలో, వీసా గడువు దాటిన కొందరిని ఆఫీసులోనే అదుపులోకి తీసుకున్నారు. ఇన్నేళ్లుగా ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ గడువు ఇప్పుడు పట్టింపు అయింది. కాగితం మీద చెల్లుబాటయ్యే స్టేటస్ ఉండడం ఇంతకుముందు కంటే ఎక్కువ విలువైనది.

ఖర్చు విషయానికి వస్తే, 2024 ఏప్రిల్ నుంచి అమలైన రుసుముల ప్రకారం కాగితం మీద పంపే ఐ-130కి 675 డాలర్లు, ఐ-485కి 1,440, దానితో పాటు వర్క్ పర్మిట్ దరఖాస్తుకు 260, అడ్వాన్స్ పెరోల్‌కు 630, అంటే మొత్తం 3,005 డాలర్లు. పంపే రోజున వలస శాఖ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైటులో రుసుము మరోసారి సరిచూసుకోండి, తక్కువ పంపితే కట్ట మొత్తం వెనక్కి వస్తుంది. సివిల్ సర్జన్ (వలస శాఖ గుర్తించిన వైద్యుడు) చేసే వైద్య పరీక్ష ఖర్చు వేరు. ఆ నివేదికను ఐ-485తో పాటే పంపాలన్న నియమం 2024 డిసెంబరు నుంచి ఉంది. చిన్నప్పటి టీకాల కార్డు ఊళ్లో దొరికితే ఫొటో తీయించి తెప్పించుకోండి, లేకపోతే కొన్ని మళ్లీ వేయించుకోవలసి వస్తుంది. ఐ-864కు భార్య ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. ఇద్దరున్న కుటుంబానికి 2025లో అది సుమారు 26,437 డాలర్లు, నర్సు జీతానికి ఇబ్బంది ఉండదు. అయితే ఆ పూచీ విడాకులతో కూడా ముగియదు. మీరు పౌరులు అయ్యేదాకానో, సుమారు పదేళ్ల పని జమ అయ్యేదాకానో కొనసాగుతుంది. ఈ సంగతి ఆమెకు మీరే చెప్పండి, ఫారంలోని సన్న అక్షరాల్లో వెతుక్కోనివ్వకండి.

ఇండియాలో పుట్టినవారికి ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు అంటే ఏళ్లూ పూళ్లూ పట్టే క్యూ. పౌరుల జీవిత భాగస్వాములకు వార్షిక పరిమితి గానీ ఆ క్యూ గానీ లేదు. మీ ప్రాంతపు ఆఫీసు వేగాన్ని బట్టి కొన్ని నెలల నుంచి ఏడాది పైగా పట్టవచ్చు. ఆమోదం పొందే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతులతో కూడిన కార్డు వస్తుంది. దాని గడువు ముగిసేలోపు, ఆఖరి తొంభై రోజుల్లో ఇద్దరూ కలిసి, షరతులు తొలగించమని కోరే ఐ-751 వేయాలి. ఆ తొంభై రోజులను లెక్కించేది కార్డు మీది గడువు తేదీ నుంచే, పెళ్లిరోజు నుంచి కాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఒకవేళ కాపురం నిలవకపోయినా, పెళ్లి నిజాయితీగా చేసుకున్నదని చూపగలిగితే ఒంటరిగా దాఖలు చేసే వీలుంది. ఈ మాట మీకోసం కాదు, ఇలాంటి కార్డు చేతిలో పెట్టుకుని ఇంట్లో హింసను మౌనంగా భరిస్తున్న చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వారికోసం రాస్తున్నాను. వారు భర్త సంతకం కోసం ఎదురుచూడనక్కరలేదు.

న్యాయవాదిని ఎంచుకునేటప్పుడు రాష్ట్ర బార్‌లో (న్యాయవాదుల సంస్థలో) లైసెన్సు ఉందో లేదో చూసుకోండి. కన్సల్టెన్సీలకు గానీ నోటరీలకు గానీ వలస సలహా ఇచ్చే అధికారం లేదు. మొదటి సమావేశానికి మీరు ఒక్కరే వెళ్లి గ్యాస్ స్టేషన్ సంగతి చెప్పండి, రెండోసారికి ఆమెను కూడా తీసుకెళ్లండి. ఈ రెండు సమావేశాల మధ్యలోనే ఆమెతో ఆ మాట మాట్లాడేయండి.

టెక్సస్‌లో లైసెన్సు ఇచ్చిన తరువాత 72 గంటలు గడిస్తే తప్ప సాధారణంగా పెళ్లి జరపడానికి వీల్లేదు, కౌంటీ ఆఫీసులు చాలావరకు శని, ఆదివారాల్లో తెరవరు. గుడి పెళ్లినే చట్టపరమైన పెళ్లిగా కూడా చేసుకోదలిస్తే, శనివారం ఉదయం ముహూర్తానికి మంగళవారానికల్లా లైసెన్సు చేతిలో ఉండాలి. పెళ్లి చేయించే పంతులుగారు దాని మీద సంతకం చేసి తిరిగి కౌంటీకి పంపాలి కాబట్టి, ఈ సంగతి ఆయనతో ముందే మాట్లాడుకోండి. ఇక ఊళ్లో మీ అమ్మగారికి ఒక పని అప్పగించండి. మీ జనన ధ్రువపత్రంలో మీ పేరు ఉందో, 'మగ శిశువు' అని మాత్రమే ఉందో, తల్లిదండ్రుల పేర్లు మీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో చూసి, తేడా ఉంటే ఇప్పుడే సవరింపజేయమనండి. పదో తరగతి మెమో ఒక్కటే దానికి బదులుగా సరిపోదు. ఆ కాగితం రావడానికి అక్కడ ఎన్ని వారాలు పడుతుందో ఆమెకు బాగా తెలుసు, అందుకే ఆ పని ఈ వారమే మొదలు కావాలి.